ఉపసంహారమెరుగని అస్త్రము

ఆంగ్లభాషలో 'ఇంప్లాకబుల్' అనే విశేషణమొకటి కలదు. ఎంత వేడుకొన్నను మనసు కరగనివానిని, ఎట్టి పరిహారము చెల్లించినను పగ విడువనివానిని ఆ మాటతో వర్ణింతురు. సాధారణముగా అది శత్రువు, ద్వేషము, కోపము అనే మాటలకు ముందు నిలుచును. ఒక్కొక్కప్పుడు విధికి, కాలమునకు, తుఫానులోని సముద్రమునకు కూడ దానిని వాడుదురు. మనిషి మొరను ఆలకించు చెవి వాటికి లేదు గనుక ఆ వాడుక వాటికి చక్కగా పొసగును. అయితే చెవి ఉండి, హృదయముండి, ఎదుటివాని కన్నీరు చూడగల కన్నులుండి కూడ సముద్రమువలె, విధివలె ప్రవర్తించు మనిషికి అదే విశేషణము తగిలినప్పుడు అది కేవలము వర్ణన కాక ఒక నిందగా మారును.

ఈ మాట అర్థము సూక్ష్మమైనది. కోపిష్ఠి వేరు, ప్రతీకారము కోరువాడు వేరు, ఈతడు వేరు. కోపిష్ఠి క్షణములో మండి క్షణములో చల్లారవచ్చును. ప్రతీకారము కోరువాడు తన పని నెరవేరగానే ఊరకుండవచ్చును. 'ఇంప్లాకబుల్' అనిపించుకొనువాడు ఎదుటివానికి ఏ హానియు చేయకపోవచ్చును, చేయెత్తకపోవచ్చును, పల్లెత్తు మాట అనకపోవచ్చును. ఆతని దోషమంతయు ఒక్కటే. ఎదుటివాడు చేతులు జోడించి నిలిచినను ఆతడు మెత్తబడడు. కనుక ఈ విశేషణమునకు ఇద్దరు మనుష్యులు కావలెను. వేడుకొనువాడు లేనిదే వేడుకోలును తోసిపుచ్చువాడు ఉండడు. ఆ మాట పలికినప్పుడెల్ల గడపకు వెలుపల నిలిచిన ఒక అపరాధి జోడించిన చేతులు కూడ స్ఫురింపవలెను.

దీనికి తోబుట్టువు వంటిది 'ఇనెగ్జరబుల్' అనే మరియొక మాట. లాటిన్ మూలమును బట్టి చూచినచో ప్రార్థించి లొంగదీయుటకు వీలుకానివాడని దాని అర్థము. ప్రార్థనకు లొంగకపోవుట ఒక గుణమైనచో, ఆ గుణము భగవంతునియందు ఎంతమాత్రము లేదని వైష్ణవ సంప్రదాయము ఘోషించుచున్నది. భక్తుని ఆర్తికి వశుడగుటయే ఆ స్వామి స్వభావము. అట్టి స్వామి సన్నిధికి కొండలెక్కి పోవు యాత్రికుడు, తాను మాత్రము ఇంటివద్ద ఎవరి ప్రార్థనకును లొంగనివాడై ఉండవచ్చునా అనునదే ఇక్కడ విచారింపదగిన ప్రశ్న.

మొదటి మాటకు మూలమైన లాటిన్ ధాతువునకు శాంతింపజేయుట అని అర్థము. అలలు లేని నిశ్చలమైన నీటిని వర్ణించు 'ప్లాసిడ్' అనే ఆంగ్లపదము కూడ ఆ కుటుంబములోనిదే. సంస్కృతములో ఇదే భావము 'ప్రసన్న' శబ్దములో ఉన్నది. మడ్డి అడుగున పేరుకొని పైన తేటపడిన నీరు ప్రసన్నజలము. కలత తీరి తేటపడిన మనసు ప్రసన్నమైన మనసు. ఆ మనసునుండి వెలువడు అనుగ్రహము ప్రసాదము. ఆలయములో చేతిలో పెట్టు ప్రసాదమునకు ఆ పేరు వచ్చినది స్వామి ప్రసన్నతవల్లనే. కావున క్షమింపనివానిని మన భాషలో చెప్పవలెనన్నచో ప్రసన్నుడు కానివాడు అనుట తగును. నీరు ఎల్లప్పుడు కలచబడుచునే ఉన్నచో మడ్డి అడుగునకు దిగు అవకాశమే ఉండదు. పగవాడు తన మనసును తానే నిత్యము కలచుకొనువాడు.

శ్రీమద్రామాయణ ఆరంభములో వాల్మీకి మహర్షి తమసానదీ తీరమున నిలిచి, ఆ నీటి తేటదనమును సత్పురుషుని మనసుతో పోల్చి శిష్యుడైన భరద్వాజునకు చూపినాడు. ఆ మాట పలికిన కొంతసేపటికే నిషాదుని బాణమునకు క్రౌంచపక్షి కూలినది. మహర్షి నోట శాపము వెలువడినది. తేటనీటిని మెచ్చుకొన్న మనసే కలత చెందినది. కాని వెంటనే ఆయన, తానేమి పలికితినని తన మాటను తానే పరిశీలించుకొనినాడు. బ్రహ్మ అనుగ్రహముచే ఆ శోకము శ్లోకమై, ఆ శ్లోకము రామకథకు దారియైనది. కలత చెందుట ఋషికైనను తప్పలేదు. తిరిగి తేటపడుటలోనే ఆయన ఋషిత్వమున్నది.

తెలుగు పలుకుబడులు కూడ ఈ విషయమున గొప్ప విజ్ఞానమును దాచుకొన్నవి. అప్పు తీర్చినట్లే పగ కూడ 'తీర్చుకొందురు'. అనగా పగవాని లెక్కలో ఎదుటివాడు ఎల్లప్పుడును బాకీదారే. ఆ పద్దు మూసివేయుటకు వాని మనసు ఒప్పదు. ఇక ఒకరి తప్పును 'మనసులో పెట్టుకొనుట' పగ. అదే తప్పును 'కడుపులో పెట్టుకొనుట' క్షమ. మనసులో పెట్టినది తలపునకు వచ్చుచు పోవుచు పుండును రేపుచుండును. కడుపులో పెట్టినది బిడ్డ. తల్లి దానిని మోయును, పెంచును. 'తప్పు కాయుము' అని వేడుకొనునప్పుడు వాడు 'కాచు' అనే క్రియకు రక్షించుట అనియు అర్థము. క్షమించుట రక్షించుటయే అని తెలుగు జాతి ఒక్క క్రియలో చెప్పుకొనినది.

పగ విడువనివాని స్వరూపమును సంపూర్ణముగా చూపినది అశ్వత్థామ వృత్తాంతము. ఆతని ఫిర్యాదు అబద్ధము కాదు. అస్త్రసన్న్యాసము చేసి కూర్చున్న తండ్రి తలను ధృష్టద్యుమ్నుడు నరికినాడు. తండ్రి ఆయుధము విడుచుటకు కారణమైన వార్తలో వంచన ఉన్నది. కాబట్టి అశ్వత్థామ దుఃఖమునకు అర్థమున్నది, కోపమునకు కారణమున్నది. పగ సాధారణముగా ఇట్టి న్యాయమైన బీజమునుండియే మొలచును. అందువల్లనే అది ప్రమాదకరము. అన్యాయమైన కోపమునకు మనిషి సిగ్గుపడును, న్యాయమైన కోపమును గౌరవముగా పోషించుకొనును. కాని ఆ పగకు మేర ఏది? అర్ధరాత్రి శిబిరములో ప్రవేశించి ధృష్టద్యుమ్నుని చంపుటతో అది ఆగలేదు. నిద్రించుచున్న ద్రౌపది కుమారులు ఐదుగురు బలియైనారు. ఆ తరువాత ఇంకను లోకమును చూడని శిశువుపై, ఉత్తర గర్భముపై అస్త్రము ప్రయోగింపబడినది. తండ్రిని చంపినవానితో మొదలైన పగ పుట్టనివానివరకు పోయినది.

ఆ ఘట్టములో వ్యాసభగవానుడు చూపిన విశేషమొకటి ఉన్నది. అశ్వత్థామకు బ్రహ్మాస్త్ర ప్రయోగము తెలియును, ఉపసంహారము తెలియదు. అర్జునునికి రెండును తెలియును. మహాభారతమున ఇరువురి అస్త్రములు లోకమును దహింపబోవగా వ్యాసుడు, నారదుడు నడుమ నిలిచినారు. వారి మాటపై అర్జునుడు తన అస్త్రమును మరల్చుకొనినాడు. నియమముతో, బ్రహ్మచర్యవ్రతముతో సాధించినవానికే ఆ శక్తి కలుగును. అశ్వత్థామ మరల్చుకొనలేకపోయినాడు. క్షమింపనివాడనగా ఎవరో దీనికంటె స్పష్టముగా చెప్పుట కష్టము. ప్రయోగము నేర్చి ఉపసంహారము నేర్వనివాడు వాడు. పగ విడువకపోవుట బలమని లోకము భ్రమించును. నిజమునకు అది ఒక అశక్తత. బాణము విడుచుటకు కోపము చాలును, దానిని వెనుకకు తీసికొనుటకు తపస్సు కావలెను.

శ్రీమద్భాగవతము ఈ కథలో ద్రౌపదిని మరియొక వెలుగులో చూపినది. భారతములో ఆమె పుత్రశోకముతో అశ్వత్థామ శిక్షను కోరి ప్రాయోపవేశమునకు కూర్చున్నది. భాగవతములో అర్జునుడు ఆతనిని పశువువలె కట్టి తెచ్చి ఆమె ముందు నిలువబెట్టినాడు. ఐదుగురు కుమారులను కోల్పోయిన ఆ తల్లి ముందుగా గురుపుత్రునకు నమస్కరించినది. భర్తను పోగొట్టుకొన్న ఆతని తల్లి కృపి తనవలె ఏడువరాదని పలికి, విడిచిపెట్టుమన్నది. తన దుఃఖమును కొలబద్దగా చేసికొని మరియొక తల్లి దుఃఖమును కొలిచినది. పగవాడు తన దుఃఖమును గోడగా కట్టుకొనును. ద్రౌపది దానినే కిటికీగా మార్చుకొనినది. పోతన తెనిగించిన ఈ ఘట్టము తెలుగు ఇండ్లలో తరతరాలుగా చదువబడుచున్నది.

ఇచ్చట ఒక కఠినమైన ప్రశ్న ఎదురగును. భాగవతము ప్రకారము, శిరోమణిని కోల్పోయి ప్రాణములతో విడువబడిన ఆ అశ్వత్థామయే తరువాత ఉత్తర గర్భముపై అస్త్రమును వేసినాడు. అట్లయినచో ద్రౌపది క్షమ వ్యర్థమైనదా? చంపుమని పట్టుబట్టిన భీముని మాటయే మేలైనదా? పౌరాణికుడు ఈ ప్రశ్నను దాచిపెట్టలేదు. క్షమింపబడినవాడు మారునని ఎవరును హామీ ఇవ్వలేరు. క్షమ అనునది ఎదుటివాని మంచితనముపై పెట్టిన పెట్టుబడి కాదు. అది క్షమించినవారి స్వభావము. ద్రౌపది తన పని తాను చేసినది. గర్భస్థశిశువును చక్రధారియై కాపాడు పని స్వామి చేసినాడు. క్షమించినవారిని లోకము మోసగింపవచ్చును గాని భగవంతుడు విడిచిపెట్టడని ఆ రక్షణ చాటుచున్నది.

అట్లు రక్షింపబడిన శిశువే పరీక్షిన్మహారాజు. ఆతడు ఆకలిదప్పులతో మతి చెడి శమీక మహర్షి మెడలో చచ్చిన పామును వేసినాడు. ముని కుమారుడు శృంగి, తక్షకుని కాటుకు ఏడవనాడు మరణింతువని శపించినాడు. తండ్రి శమీకుడు కుమారుని తొందరపాటునకు బాధపడినాడే గాని రాజుపై కోపింపలేదు. పరీక్షిత్తు కూడ శపించినవానిపై పగ పూనలేదు. గంగాతీరమున కూర్చుండి శుకమహర్షి ముఖమున భాగవతము విన్నాడు. మిగిలిన ఏడు దినములను శృంగిపై పగ తీర్చుకొనుటలో గడపియున్నచో లోకమునకు ఆ భాగవత శ్రవణము దక్కెడిది కాదు.

ఆతని కుమారుడు జనమేజయుని త్రోవ వేరు. తండ్రిని కరచినది తక్షకుడొక్కడే. ఆతడు సర్పజాతినంతయు అగ్నికి ఆహుతి చేయుటకు యాగము తలపెట్టినాడు. ఆతనిని పురికొల్పినవాడు ఉదంకుడు. కుండలములు అపహరించిన తక్షకునిపై ఉదంకునికి సొంత పగ ఉన్నది. ఒకని పగకు మరియొకని పగ సమిధ అగుట లోకములో నిత్యము జరుగునదే. అంతకుముందు ఇదే ఉదంకుడు, పౌష్యమహారాజు పరస్పరము శపించుకొన్నప్పుడు, ఉదంకుడు తన శాపమును సడలించినాడు. తనవారి స్వభావమే అట్టిదని చెప్పి రాజు మాత్రము మరల్చుకొనలేనన్నాడు. నన్నయ భట్టారకుని ఆదిపర్వములో ఈ సంవాదము ప్రసిద్ధము. కాని ఆనాడు వెన్నవలె కరగిన ఉదంకుని హృదయము తక్షకుని విషయమున కరగలేదు. ఒకచోట క్షమించినవాడు అన్నిచోట్ల క్షమించునని చెప్పలేము. క్షమ ఒకసారి సంపాదించి దాచుకొను ధనము కాదు, ప్రతిదినము చేయవలసిన అనుష్ఠానము.

సర్పయాగమును ఆపినవాడు ఆస్తీకుడు. ఆతని తల్లి నాగకన్య, తండ్రి జరత్కారు మహర్షి. ఇరుపక్షముల రక్తము కలిగిన బాలుడు యజ్ఞవాటికకు వచ్చి, రాజును స్తుతించి, యాగము ఆపుమని వరమడిగినాడు. జనమేజయుడు ఆ ప్రార్థనకు లొంగినాడు. అప్పటివరకు ఆంగ్లపు విశేషణమునకు తగినవాడుగా ఉన్న రాజు ఆ క్షణమున దానినుండి బయటపడినాడు. పగతో కాలిన తన కుల వృత్తాంతమగు మహాభారతమును వైశంపాయనుని నోట ఆతడు విన్నది కూడ ఆ యాగసందర్భముననే. పగ కథను పగవానికే వినిపించుట వ్యాసుని ఔషధము.

ఇంత చెప్పినను గృహస్థునకు ఒక సందేహము మిగులును. అన్నిటిని సహించుటయే ధర్మమైనచో దుష్టులకు అదుపు ఏది? దీనికి సమాధానము వనపర్వములో ఉన్నది. ద్రౌపది ధర్మరాజుతో వాదించుచు బలి, ప్రహ్లాదుల సంవాదమును ఉదాహరించినది. ఎల్లప్పుడు క్షమయు మేలు కాదు, ఎల్లప్పుడు తేజమును మేలు కాదని ప్రహ్లాదుడు మనుమనికి బోధించినాడు. మునుపు ఉపకారము చేసినవాని తప్పును, తెలియక చేసినవాని తప్పును, మొదటిసారి చేసినవాని తప్పును ఓర్వవలెను. తెలిసి మరల మరల చేసినవానిని దండింపవలెను. ఈ మాటలు పలికిన ప్రహ్లాదుడెవరు? తనను అగ్నిలో తోయించి, విషము పెట్టించిన తండ్రి పరిశుద్ధుడు కావలెనని నరసింహస్వామిని వరమడిగినవాడు. దండనను సమర్థించిన ఆ నోటనే పగలేని ప్రార్థన వెలువడినది. కనుక దండన వేరు, పగ వేరు. దండనకు కొలత ఉన్నది, ముగింపు ఉన్నది. పగకు రెండును లేవు.

రావణుడు నేలకూలిన పిమ్మట విభీషణుడు అంత్యక్రియలకు వెనుదీయగా, వైరము మరణముతో ముగిసినదనియు, ఆతడు నీకెట్లో నాకునట్లే అనియు శ్రీరాముడు పలికి ఆ సంస్కారములు జరిపించినాడు. అంతకుముందు విభీషణుడు శరణు వచ్చినప్పుడు, వచ్చినవాడు రావణుడే అయినను అభయమిత్తునన్నాడు. యుద్ధము చేసిన చేయియే, ఎదుటివాడు చేతులు జోడించినచో అభయమిచ్చుటకు సిద్ధముగా ఉన్నది. దండించువానికి, పగ పట్టినవానికి గల తేడా ఇదియే.

క్షమించిన తరువాత మునుపటివలె కలిసి ఉండితీరవలెనా అనునది మరియొక సందేహము. శాంతిపర్వములో భీష్ముడు పూజని అనే పక్షి కథ చెప్పినాడు. బ్రహ్మదత్తుని అంతఃపురములో నివసించు ఆ పక్షి పిల్లను రాజకుమారుడు చంపినాడు. పక్షి ఆతని కన్నులు పొడిచినది. చెల్లుకు చెల్లు అయినది గనుక ఇక్కడనే ఉండుమని రాజు కోరినాడు. ఒకసారి విరిగిన నమ్మకము అతుకదని చెప్పి పూజని ఎగిరిపోయినది. స్త్రీలవలన, స్థలమువలన, మాటలవలన, పోటీవలన, అపరాధమువలన అని వైరము ఐదు విధముల పుట్టునని ఆ కథలోనే చెప్పబడినది. దూరముగా ఉండుట పగ కాదు. దూరముననుండి కీడు కోరుట పగ. గాయపడినవారిని తిరిగి గాయపరచినవాని చెంతకే పొమ్మని బలవంతపెట్టుట క్షమాధర్మము కాదు. మనసులోని మంట చల్లార్చుకొనుట ఒకటి, వాకిలి తెరచుట మరియొకటి. మొదటిది అందరికి విధి. రెండవది వివేకమును బట్టి నడచుకొనవలసినది.

వైష్ణవ సంప్రదాయములో ఈ ధర్మమునకు పరాకాష్ఠ అమ్మవారియందు కనబడును. రావణవధ తరువాత హనుమంతుడు, అశోకవనములో హింసించిన రాక్షసస్త్రీలను చంపుటకు సీతమ్మ అనుమతి కోరినాడు. వారు రాజాజ్ఞకు లోబడిన దాసీజనమనియు, తప్పు చేయనివారు లోకమున లేరనియు చెప్పి ఆ తల్లి వారించినది. ఆ స్త్రీలు అప్పటికి ఆమెను ఏమియు వేడుకొనలేదు. వేడుకొనకమునుపే కరగినది గనుకనే ఆమెను ఆచార్యులు పురుషకారభూతురాలని, అనగా జీవుల పక్షమున స్వామికి మనవి చేయునది అని కీర్తించినారు.

ఆ మార్గమున నడచినవాడు కూరత్తాళ్వాన్. రామానుజాచార్యులను కాపాడుటకై ఆయన కాషాయమును తాను ధరించి చోళరాజు సభకు పోయి, కన్నులు కోల్పోయిన మహనీయుడాయన. ఆ ఆపదకు మూలమైనవాడు నాలూరాన్. తరువాత కంచి వరదరాజస్వామిని స్తుతించి, స్వామి వరము కోరుమన్నప్పుడు, తాను పొందు గతినే నాలూరాన్ కూడ పొందవలెనని ఆళ్వాన్ కోరినట్లు గురుపరంపరా గాథలు చెప్పుచున్నవి. చూపు కోరుకొమ్మని పంపిన ఆచార్యుని మాట ఒకవైపు, శత్రువు మోక్షము మరియొకవైపు ఉండగా ఆయన రెండవదానిని కోరినాడు. నాలూరాన్ వచ్చి క్షమాపణ అడిగియుండనక్కరలేదు. అడుగనివానికి కూడ ఇచ్చుట ఆళ్వాన్ నేర్చిన విద్య.

తన మనుమలు కల్పించిన శరతల్పముపై పడియుండియే భీష్ముడు ధర్మరాజునకు శ్రీవిష్ణుసహస్రనామములను ఉపదేశించినాడు. అందులో 'సహిష్ణుః', 'క్షమిణాం వరః' అను నామములున్నవి. 'సుప్రసాదః', 'ప్రసన్నాత్మా' అను నామములు జంటగా ఉన్నవి. అపకారము చేసిన శిశుపాలాదులకు సైతము మోక్షమిచ్చినవాడు గనుక స్వామి సుప్రసాదుడని శంకరభగవత్పాదుల భాష్యము. నూరు తప్పులు ఓర్చి, పిదప చక్రముతో దండించి, ఆపై ఆ తేజస్సును తనలో కలుపుకొన్నవాడు ఆ స్వామి. ఓర్పు, దండన, ప్రసాదము మూడును ఒకే చరిత్రలో ఉన్నవి. పగ మాత్రము లేదు. ఆంగ్లపదము సూచించు దుర్గుణమునకు సరిగా ఎదురుగా నిలిచిన దివ్యనామము ఇది.

పొలము గట్టు విషయమున తగాదాపడి ఇరువది ఏండ్లుగా మాటలాడుకొనని అన్నదమ్ములు ఒకే ఉదయమున, వేర్వేరు ఇండ్లలో, ఇదే నామమును పారాయణ చేయుట కలదు. తమ్ముడు ఇంటి శుభకార్యమునకు పిలువ వచ్చినప్పుడు అన్న తలుపు తీయడు. సాయంకాలము పూజ చివర మాత్రము తన అపరాధములను క్షమింపుమని స్వామిని వేడుకొనును. ఆ రెండు వేడుకోళ్లలో స్వరూపభేదము లేదు. ఒకటి తన గడప ముందు నిలిచినది, మరియొకటి తాను స్వామి గడప ముందు నిలిచి చేసినది. స్వామి కూడ ఆ అన్నవలెనే తలుపు మూసికొన్నచో జీవునికి గతి ఏది?

ఉపసంహారము ఒక్కనాటిలో అలవడు విద్య కాదు. అర్జునునికైనను అది నియమముతోనే వచ్చినది. ఎదుటివాడు వచ్చినప్పుడు తలుపు తీయుట, వాని మాట చివరివరకు వినుట, పాతలెక్క తలపునకు వచ్చినప్పుడు నోరు కట్టుకొనుట గృహస్థునకు అందుబాటులో ఉన్న నియమములు. వాటిని పాటింపగా పాటింపగా మడ్డి అడుగునకు దిగి మనసు తేటపడును. తేటపడిన ఆ మనసుతో చేయి చాచినవానికే ఆలయములో దొరకు ప్రసాదము పేరుకు తగిన ప్రసాదమగును.